పాఠకుల ప్రశ్నలు – వైద్యుల జవాబులు: మహమ్మారి రోజుల్లో పక్షవాతం

ప్రశ్న: కోవిడ్ మొదలైన కొత్తలో ఆస్పత్రుల్లో పక్షవాతం కేసులు తగ్గాయని చదివాను. ఇంటిపట్టున ఉండడం వల్ల జబ్బే తగ్గిందా? మళ్ళీ అలాంటి మహమ్మారి వచ్చి, అప్పుడు ఇంట్లో ఎవరికైనా మూతి వంకర పోతే ఏం చేయాలి?

జవాబు: తగ్గింది జబ్బు కాదు, ఆస్పత్రి గడప తొక్కినవారు. 2020 మార్చి నుంచి జూన్ దాకా 70 దేశాల్లోని 457 స్ట్రోక్ (పక్షవాతం) చికిత్సా కేంద్రాల లెక్కలు తీశారు. అంతకు ముందటి నాలుగు నెలలతో పోలిస్తే చేరికలు 11.5 శాతం, మెదడు రక్తనాళానికి అడ్డుపడ్డ రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్లు 13.2 శాతం పడిపోయాయి. నిజానికి ఆ వైరస్ సోకితే రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది. కాబట్టి ఈ తగ్గుదలను చూసి ఊరట పడడానికి ఏమీ లేదు. కొద్దిపాటి తిమ్మిరి, మాట తడబాటు ఉన్నవాళ్ళు వైరస్ అంటుకుంటుందన్న భయంతో ఇంట్లోనే ఉండిపోయారు.

వచ్చినవాళ్ళకు కూడా ఆలస్యం తప్పలేదు. హాంకాంగ్‌లో ఒక ఆస్పత్రిలో, లక్షణాలు మొదలయ్యాక తలుపు దాకా చేరడానికి సగటున పట్టే సమయం దాదాపు గంట పెరిగింది. లోపలికి వెళ్ళాక జ్వరం పరీక్ష, సిబ్బంది పీపీఈ కిట్లు తొడుక్కోవడం, అనుమానిత రోగి వెళ్ళాక సీటీ గదిని శుభ్రం చేయడం... ఒక్కోదానికి కొన్ని నిమిషాలు. పెద్ద రక్తనాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయన్నది గుర్తుంటే ఆ నిమిషాల విలువ తెలుస్తుంది. అందుకే మంచి కేంద్రాలు పద్ధతి మార్చాయి. ప్రతి రోగికీ వైరస్ ఉందనే అనుకుని మాస్క్ వేసి, తక్కువమంది సిబ్బందితో, పరీక్ష ఫలితం కోసం ఆగకుండా నేరుగా స్కాన్‌కు తీసుకెళ్ళాయి.

ఇక మీరు చేయాల్సింది. మాస్క్ ఉంటే మూతి వంకర కనపడదు, తీయించి నవ్వమనండి. రెండు చేతులూ ఎత్తమనండి, ఒకటి జారిపోతోందా చూడండి. ఒక వాక్యం పలికించండి. వీటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా వెంటనే అంబులెన్స్ పిలవండి. జ్వరం, దగ్గు ఉంటే ఫోన్‌లోనే చెప్పండి, వాళ్ళు సిద్ధమై వస్తారు. మనిషిని చివరిసారి మామూలుగా చూసిన సమయం కాగితం మీద రాయండి. ఇంజెక్షన్‌కు గడువు సాధారణంగా నాలుగున్నర గంటలు, దాన్ని లెక్కపెట్టేది ఆ సమయం నుంచే. నిద్రలో వచ్చి ఉంటే, మెలకువ వచ్చిన వేళ కాదు, పడుకున్న వేళ రాయాలి. రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే వాటి పేర్లు, ఆఖరి మోతాదు వేసుకున్న వేళ కూడా రాసి, మీ ఫోన్ నంబరుతో పాటు రోగి జేబులో పెట్టండి. మహమ్మారి వేళ బంధువులను లోపలికి రానివ్వకపోవచ్చు. అప్పుడు డాక్టర్‌కు ఆ చీటీయే ఆధారం. మింగడం దెబ్బతిని ఉండొచ్చు, నీళ్ళు కూడా పట్టకండి. ఆస్పిరిన్ వేయకండి. మెదడులో రక్తస్రావమా, గడ్డా అన్నది స్కాన్ చేస్తేనే తెలుస్తుంది.

ప్రశ్న: పది నిమిషాల్లో అంతా సర్దుకుంటే?

జవాబు: అప్పుడూ అదే రోజు వెళ్ళాలి. అసలైన పక్షవాతం ముప్పు మొదటి రెండు రోజుల్లోనే ఎక్కువ. స్కాన్‌లో రక్తస్రావం లేదని తేలాక, తగినవారికి 24 గంటల్లోపు రక్తం గడ్డకట్టకుండా చూసే రెండు రకాల మాత్రలు మొదలుపెట్టి సుమారు 21 రోజులు వాడిస్తే ఆ ముప్పు బాగా తగ్గుతుంది. ఎవరికి తగునో డాక్టరే తేల్చాలి.