లిథియాన్ని తవ్వుతారా, తోడుతారా?

సందేహం: దక్షిణ అమెరికాలోని అటకామా ఎడారిని గురించిన తెలుగు వ్యాసాలలో "లిథియం గనులు", "లిథియం తవ్వకాలు" అనే మాటలు తరచుగా కనబడుతున్నాయి. అక్కడ లిథియం ఉప్పునీటి నుంచి వస్తుందని చదివాను. గని లేని చోట గని అనవచ్చునా? గనిలో పుట్టినది కాదు కనుక దానిని "ఖనిజ సంపద" అనడం కూడా తప్పే అవుతుందా?

సమాధానం: "ఖనిజ సంపద" అనడంలో దోషం లేదు. "అటకామా లిథియం గనులు" అనడం మాత్రం సరికాదు.

ఖన్ అనే సంస్కృత ధాతువుకు తవ్వడమని అర్థం. దాని నుంచి వచ్చిన ఖని శబ్దానికి తద్భవం మన గని. తత్సమ రూపం గోదావరిఖని వంటి ఊరిపేరులో నేటికీ నిలిచి ఉంది. ఖనిలో పుట్టినది ఖనిజం. అయితే పుట్టుకలో ఉన్న అర్థం మాటను చివరిదాకా కట్టిపడేయదు. నువ్వుల నుంచి తీసినదానికే చెల్లిన "నూనె" ఇప్పుడు కొబ్బరినూనెకూ వేరుశనగ నూనెకూ చెల్లుతున్నట్లే, ఖనిజమన్న మాట కూడా అర్థవ్యాకోచం పొంది, భూమి నుంచి లభించే నిర్జీవ పదార్థాలన్నింటికీ వర్తిస్తున్నది. "గని" మాత్రం అలా విస్తరించలేదు. ఆ మాట వినగానే తవ్విన గొయ్యో, భూగర్భంలోని సొరంగమో మనసులో మెదులుతుంది. మీకు కలిగిన ఇబ్బందికి కారణం ఇదే, అది న్యాయమైనది.

అటకామాలో గని అనదగినవి లేకపోలేదు. పసిఫిక్ సముద్రం అడుగున ఉన్న నాజ్కా అనే భూఫలకం దక్షిణ అమెరికా ఖండం కిందికి చొచ్చుకుపోవడం వల్ల అండీస్ పర్వతాలూ, వాటిలోని అగ్నిపర్వతాల వరుసా ఏర్పడ్డాయి. లోపల కరిగిన శిలాద్రవం నుంచి వెలువడిన వేడి ద్రవాలు పగుళ్లలోకి చొరబడి రాగి ఖనిజాన్ని పేరబెట్టాయి. ఒకవైపు తీరం వెంబడి సాగే చల్లని హంబోల్ట్ ప్రవాహం, మరొకవైపు తూర్పు గాలుల తేమను అడ్డుకునే అండీస్ పర్వతాలు ఆ నేలకు వాన లేకుండా చేశాయి. అందువల్లనే తడి తగిలితే కరిగిపోయే అటకామైట్ వంటి రాగి ఖనిజాలు కూడా అక్కడ పైపొరల్లో నిలిచి ఉన్నాయి. చిలీ దేశంలోని కలామా పట్టణం దాపున, 1915లో భారీ ఎత్తున పని మొదలైన చుకికమాటా, దాదాపు 850 మీటర్ల లోతుకు దిగిన రాగి గని. మన సింగరేణి వాడుకలో చెప్పాలంటే అది ఓపెన్‌కాస్టు, 2019 నుంచి అక్కడ భూగర్భంలోనూ పని సాగుతున్నది.

లిథియం సంగతి వేరు. అగ్నిపర్వత శిలల మీదుగా పారిన నీరూ, భూగర్భపు వేడి ఊటలూ ఆ శిలల్లోని లిథియాన్ని కరిగించుకొని, బయటికి దారి లేని పల్లపు నేలల్లో చేరతాయి. ఎండకు నీరు ఆవిరైపోగా పైన ఉప్పు పెచ్చు కడుతుంది, అడుగున చిక్కని ఉప్పునీరు మిగులుతుంది. సుమారు 2,300 మీటర్ల ఎత్తున, దాదాపు 3,000 చదరపు కిలోమీటర్ల మేర పరచుకొన్న సలార్ ద అటకామా ఇటువంటిదే. అక్కడ 1984 నుంచి ఆ నీటిని బావుల ద్వారా పైకి తోడి, విశాలమైన మడులలో నిలిపి, ఏడాదికి పైగా ఎండబెడుతున్నారు. మామూలు ఉప్పు ముందుగా పేరుకుంటుంది, తక్కిన లవణాలు ఆ వెనుక పడతాయి. చివరికి మిగిలిన లిథియం ద్రావణాన్ని ట్యాంకర్లలో కర్మాగారానికి తరలించి లిథియం కార్బొనేటుగా మారుస్తారు.

ఈ పనికి కావలసిన మాటలన్నీ తెలుగులో ఉన్నాయి. నౌపడాలోనూ చినగంజాంలోనూ సముద్రపు నీటిని ఎండబెట్టే చోటును ఉప్పుమడి అనే అంటారు కదా. కనుక "లిథియం మడులు", "లిథియం బావులు" నిరభ్యంతరంగా వాడవచ్చు. కోనసీమలో చమురు బావి అంటున్నామే కాని చమురు గని అని ఎవరూ అనరు. సలార్‌ను "ఉప్పు సరస్సు" అనేవారున్నారు, కాని చాలాచోట్ల పైన నీరు నిలవని ఆ పెచ్చునేలకు కోస్తా వాడుకలోని "ఉప్పుపర్ర" బాగా దగ్గరగా వస్తుందని నా అభిప్రాయం. క్రియ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. "తవ్వకం" అని రాస్తే పాఠకుడు గోతులనూ దుమ్మునూ ఊహించుకుంటాడు. అక్కడి ఆదివాసులైన లికన్ అంతాయ్ ప్రజల ప్రధానమైన ఆందోళన నీటిని గురించి. ఉప్పునీటిని తోడేకొద్దీ చుట్టుపక్కల మంచినీటి మట్టమూ, ఫ్లెమింగోలు బతికే మడుగులూ ఏమవుతాయన్నది వారి ప్రశ్న. "తోడటం" అంటేనే ఆ ప్రశ్న అర్థమవుతుంది.

అయితే లిథియం పక్కన గని ఎక్కడా రాకూడదని నియమం చేయనక్కరలేదు. పశ్చిమ ఆస్ట్రేలియాలోని గ్రీన్‌బుషెస్‌లో స్పొడుమీన్ అనే రాతి ఖనిజాన్ని పగలగొట్టి లిథియం తీస్తారు, అది గనియే. అటకామాలోనే 19వ శతాబ్దిలో లోకానికంతటికీ ఎరువుగానూ మందుగుండుగానూ వెళ్లిన చిలీ సురేకారాన్ని కలీచె అనే గట్టి పొరను పేల్చి, తవ్వి తీశారు. దానికి "తవ్వకం" తగిన మాటే. కాని మన వాడుకలో సురేకారం పొటాషియం నైట్రేటు, చిలీది సోడియం నైట్రేటు కనుక, రాసేటప్పుడు "చిలీ" అన్న విశేషణాన్ని వదలకూడదు.