మసక నక్షత్రాలతో తొందరపడకు

బుజ్జమ్మా,

పీహెచ్‌డీకి మసక ఎక్స్-రే ట్రాన్సియెంట్లు, అంటే ఉన్నట్టుండి ఎక్స్-రేల్లో కాస్త వెలిగి ఆరిపోయే జంట నక్షత్రాలు, తీసుకున్నావటగా, మీ అమ్మ చెప్పింది. దానికి అర్థమైంది "ఏవో నక్షత్రాలట అక్కా" అన్నంతే. నాకు పూర్తిగా అర్థమైంది కాబట్టి గర్వమూ వచ్చింది, టెన్షనూ పట్టుకుంది.

బ్లాక్ హోలో న్యూట్రాన్ నక్షత్రమో పక్క నక్షత్రం నుంచి వాయువు లాక్కునే మామూలు జంట విజృంభిస్తే, దాని ఎక్స్-రే వెలుగు సెకనుకు 10³⁷ ఎర్గుల (ఎర్గు అంటే శక్తి కొలత) దాకా, ఆ పైకీ పోతుంది. నీవి 10³⁴కీ 10³⁶కీ మధ్యే. కొన్ని వారం తిరక్కుండానే ఆరిపోతాయి. అంతరిక్ష కేంద్రం నుంచి ఆకాశమంతా గాలించే మాక్సీ లాంటి పరికరాలకు ఇవి ఆనవు. అందుకే నాసా వాళ్ల అంతరిక్ష టెలిస్కోప్ స్విఫ్ట్ 2006 నుంచి మన గెలాక్సీ కేంద్రం వైపు దాదాపు రోజూ ఓ వెయ్యి సెకన్లు చూస్తూ వచ్చింది. ఆ డేటా ఎవరైనా తీసుకోవచ్చు, ముందు అది దించుకో. నవంబరు నుంచి జనవరి దాకా సూర్యుడు అటే ఉంటాడు, ఆ ఖాళీని మర్చిపోయి "ఇన్నాళ్లు వెలిగింది" అని రాసేయకు. ఒక్క నక్షత్రాన్ని నమ్ముకుని థీసిస్ అంటే మాత్రం నేనొప్పుకోను. అది పదేళ్లు పడుకుంటే ఫెలోషిప్ నీకోసం ఆగుతుందా?

అసలు నా భయం వేరే. నీకు చిన్నప్పటినుంచీ తొందరెక్కువ.

మా ల్యాబ్‌లో ఒక సీనియర్ ఉండేవాడు, నాకంటే చురుకు. ఓ రాత్రి ఆయన లైట్ కర్వ్‌లో, అంటే వెలుగు ఎప్పుడెంతుందో చూపే గ్రాఫ్‌లో, నిటారుగా ఓ ముల్లు లేచింది. నిమిషాల్లో ఎగసి, గంటల తరబడి మెల్లగా దిగింది. గెలాక్సీ కేంద్రం దగ్గర కొత్త జంట నక్షత్రం దొరికిందని తెల్లారేసరికి ఊరందరికీ మెయిల్ కొట్టేశాడు. గైడు స్పెక్ట్రమ్ (ఏ శక్తి దగ్గర ఎన్ని ఫోటాన్లొచ్చాయో చూపే గ్రాఫ్) ప్రింటు తెప్పించుకుని, తక్కువ శక్తి ఉండే ఎడమ చివర వేలు పెట్టి, "ఇక్కడ ఇన్ని ఫోటాన్లేంటి నాయనా?" అన్నారు. అంతే, గది నిశ్శబ్దం. కేంద్రం 26 వేల కాంతి సంవత్సరాల దూరం. దారిలోని వాయువూ ధూళీ 2 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల లోపు శక్తి ఉన్న ఫోటాన్లను దాదాపు మింగేస్తాయి. అవే దండిగా వచ్చాయంటే అది అక్కడిది కాదు. తీరా చూస్తే మన దగ్గరలోని ఎర్ర మరుగుజ్జు నక్షత్రం, దాని మీద లేచిన జ్వాల! మళ్లీ అందరికీ మెయిల్. వారం పాటు ఆయన క్యాంటీన్‌కి రాలేదు. తర్వాత మంచి పేరే తెచ్చుకున్నాడనుకో, కానీ ఆ ముఖం నీకు ఊహించుకోలేను తల్లీ.

నీకిప్పుడు గాయా ఉపగ్రహం కొలిచిన నక్షత్రాల దూరాలున్నాయి, అక్కడ దగ్గరి నక్షత్రమేదైనా ఉందేమో చూడ్డం పది నిమిషాల పని. యూరప్ వాళ్ల ఎక్స్-రే టెలిస్కోప్ ఎక్స్‌ఎంఎం-న్యూటన్ డేటా అయితే ప్రోటాన్ ఫ్లేర్లు (ప్రోటాన్లు పరికరానికి తగిలి పుట్టే దొంగ వెలుగులు) ముందే తీసెయ్, అవీ ఇలాగే మోసం చేస్తాయి.

అలాగని చేతులు కట్టుకుని కూర్చోమని కాదు. అనుమానం వచ్చిన గంటలోనే స్విఫ్ట్ లాంటి టెలిస్కోప్‌ని మళ్లీ చూడమని అడుగు, ఆరిపోయాక అడిగి లాభం లేదు. ప్రకటన మాత్రం ఆగొచ్చు. 2024లో ఎగిరిన చైనా ఎక్స్-రే ఉపగ్రహం ఐన్‌స్టీన్ ప్రోబ్ వాళ్లు నీకంటే ముందు చెప్పేస్తారా? చెప్పనీ.

2015లో శ్రీహరికోట నుంచి మన అంతరిక్ష టెలిస్కోప్ ఆస్ట్రోశాట్ వెళ్తుంటే టీవీ ముందు గెంతింది నువ్వే. దాని పాత డేటాలో కూడా వెతుకు. ప్రపోజల్ నాకు ముందు పంపు, బ్యాక్‌గ్రౌండ్ (నీ నక్షత్రానిది కాని వెలుగు) కొలత ఎక్కడినుంచి తీస్తావో మొదటి పేజీలోనే రాయి. రాత్రిళ్లు అన్నం మానేస్తే మీ అమ్మకి చెప్పేస్తాను.

పెద్దమ్మ