వ్రాయాలా, రాయాలా?

సందేహం: ఒక చిన్న సాహిత్య ద్వైమాసికకు ఒక కథ, కొన్ని తేటగీతులు పంపాను. సంపాదకులు వేసుకుంటామన్నారు గానీ, నా ‘వ్రా’లన్నిటినీ ‘రా’లు చేశారు, పద్యాల్లో కూడా. ‘యొక్క’లూ ‘మరియు’లూ కొట్టేశారు. అడిగితే “మా పత్రిక అభిరుచి” అన్నారు. మరో పత్రికలో నా ‘రాశాడు’ను ‘వ్రాశాడు’ చేశారు. ఎవరిది ఒప్పు? (ఒక పాఠకురాలు)

సమాధానం: అమ్మా, వచనం వరకు ఇద్దరివీ ఒప్పే. పద్యం సంగతి వేరు. ముందు ఆ మాట పుట్టుక చూడండి.

తమిళంలో ‘వరై’ అంటే గీత, గీయడం, రాయడం. కన్నడంలో ‘బరె’. పదాది వకారం కన్నడంలో బకారం కావడం మామూలే. మూలంలోని ‘వర’లో రేఫ (అంటే రకారం) ముందుకు జరిగి వకారాన్ని అంటుకుంది, అచ్చు వెనక్కు పోయి దీర్ఘమైంది. అలా వచ్చింది మన ‘వ్రాయు’. దీన్ని వర్ణవ్యత్యయం అంటారు. తమిళ ‘మరం’ మనకు ‘మ్రాను’, ‘విరల్’ మనకు ‘వ్రేలు’ అయింది ఇలాగే. కాబట్టి ‘వ్రా’లోని క్రారవడి (కింద చేరే ర గుర్తు) పండితులు తగిలించిన నగ కాదు, ధాతువులో ఉన్నదే. రాయడమంటే మొదట గీత గీయడమేనని ఆ అక్షరం ఇప్పటికీ చెబుతోంది.

తర్వాత జనం నోట ఈ జంటల్లో ఒక హల్లు జారిపోయింది. క్రొత్త కొత్త, ప్రాత పాత, త్రాగు తాగు, మ్రింగు మింగు, వ్రేలు వేలు అయ్యాయి. అన్నిటా పోయింది రేఫే. ‘వ్రాయు’లో మాత్రం రేఫ నిలిచి వకారం పోయింది. గోపకుల వ్రేపల్లె రేపల్లె కావడం దీనికి తోడు. ‘వాయు’ అంటే అప్పటికే ‘వాచు’ అన్న అర్థం ఉంది కనుక దానితో కలిసిపోకుండా ఇలా అయిందేమో, గట్టిగా చెప్పలేం. తప్పించుకున్నా మరో చిక్కు వచ్చింది. ఒంటికి నూనె ‘రాయడం’ వేరే ధాతువు, ‘ఒరయు’ (రుద్దు)కు చుట్టం. దానికీ క్రారవడి తగిలించి ‘నూనె వ్రాసుకున్నాడు’ అని అచ్చువేస్తున్న వారున్నారు. అది పొరపాటు.

ఇక మీ పద్యాలు. తేటగీతిలో నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదరాల్సిన చోటు. సంయుక్తాక్షరంలో ఏ హల్లుతోనైనా యతి కుదురుతుంది కనుక, ‘వాన’తో మొదలైన పాదంలో అక్కడ ‘వ్రాసె’ చక్కగా సరిపోతుంది. దాన్ని ‘రాసె’ చేస్తే యతి తెగుతుంది. ‘క్రొత్త’ను ‘కొత్త’ చేసినా మొదటి హల్లు మిగులుతుంది కనుక ‘క’తో పెట్టిన యతికి ఢోకా లేదు. ‘వ్రా’లో పోయేది మొదటి హల్లే. అందుకే పద్యంలో ఈ సవరణ కవిని అడగకుండా చేయకూడదు. ఉద్ధరణల్లోనూ అంతే.

కంప్యూటరు చేత ఒక్కసారిగా మార్పించే సంపాదకులు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ‘వ్ర’ను ‘ర’ చేయమంటే ‘వ్రణం’ ‘రణం’ అయి కూర్చుంటుంది. ‘తీవ్రాతితీవ్రం’ ‘తీరాతితీరం’ అవుతుంది. సంస్కృత పదాల జోలికి పోకుండా ఒక్కో చోటా చూసి మార్చాలి.

గిడుగు రామమూర్తి 1919లో ‘తెలుగు’ మాసపత్రిక నడిపింది వాడుకభాష కోసమే. ఆ దారిన నడిచే పత్రిక కథలో ‘రాశాడు’ అంటే కాదనను. అయితే పక్క పేజీలో ‘వ్రాత’, ‘క్రొత్త’ కనిపించకూడదు. అభిరుచి అన్నాక సంచిక మొత్తానికీ ఒకటే ఉండాలి. ‘చేవ్రాలు’ (సంతకం)ను మాత్రం వదిలేయమంటాను. దాన్ని ‘చేరాలు’ అంటే ఎవరికీ అర్థం కాదు.

‘యొక్క’ కొట్టేయడం మంచిదే. ‘రాముడి ఇల్లు’ చాలు. ‘మరియు’ పాతమాటే, ‘అంతేకాక’ అన్న అర్థంలో. రెండు పేర్లను కలపడానికి మాత్రం ‘అన్నా వదినా’ అన్న దీర్ఘం మనకు ఉండనే ఉంది.

నా కోపమంతా వేరొకదాని మీద. వకారం ఉండాలా వద్దా అని తగువులాడే పత్రికలే ‘ఈ వ్యాసం రాయడం జరిగింది’ అని అచ్చువేస్తున్నాయి. రాసినవాడు ఉండగా ‘జరిగింది’ ఎందుకు? ‘రాశాను’ అనండి, ‘వ్రాశాను’ అనండి, ఏదైనా సరే.