టీవీ రేటింగ్‌ల లెక్కకు దారి వేసిన ఆర్థర్ నీల్సన్ ఎవరు?

ఆర్థర్ సి. నీల్సన్ 1897లో షికాగోలో పుట్టారు. చదివింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్. 1923లో అప్పు తెచ్చి సొంత కంపెనీ పెట్టారు. మొదట యంత్రాల పనితీరు మీద సర్వేలు చేసేవారు. ఆర్థిక మాంద్యంలో ఆ పని బాగా దెబ్బతింది.

అప్పుడు మందుల షాపుల వైపు తిరిగారు. ఆయన మనుషులు షాపుకెళ్లి పాత స్టాకు, కొత్తగా వచ్చిన సరుకు, చివర్లో మిగిలింది లెక్కపెట్టేవారు. మొదటి రెండూ కూడి మిగిలింది తీసేస్తే, ఏ బ్రాండ్ ఎంత అమ్ముడైందో తేలిపోతుంది. ఎవరినీ అడగక్కర్లేదు. నాకు బాగా నచ్చేది ఈ పద్ధతే.

రేడియో విషయంలోనూ అదే పట్టుదల. ఏం విన్నారని ఫోన్ చేసి అడిగితే జనం గుర్తున్నదే చెబుతారు కదా! అందుకే 1936లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్లు తయారుచేసిన ఆడిమీటర్‌ను ఆయన సొంతం చేసుకున్నారు. రేడియోకి దాన్ని తగిలిస్తే, ఏ స్టేషన్ ఎప్పుడు పెట్టారో, ఎంతసేపు ఉంచారో కదిలే టేపు మీద నమోదయ్యేది. దాన్ని ఏళ్ల తరబడి మెరుగుపరిచి, 1942లో రేడియో రేటింగ్‌లు, 1950లో టీవీ రేటింగ్‌లు మొదలుపెట్టారు. అయితే సెట్టు ఆన్‌లో ఉందని తెలుస్తుంది గానీ, ఎదురుగా మనిషి ఉన్నాడో లేదో ఆ పరికరానికి తెలియదు. అందుకే తర్వాత ఎవరు ఏం చూశారో ఇళ్లలో డైరీలు కూడా రాయించాల్సి వచ్చింది. ఆయన 1980లో మరణించారు.