అమ్మకు ఇంగ్లీషు చదవడం రాదు, అమెరికా పౌరసత్వ పరీక్షకు ఎలా సిద్ధం చెయ్యాలి?

మీ అమ్మగారికి 58 ఏళ్లు, గ్రీన్ కార్డు వచ్చి ఐదేళ్లు, తెలుగు బాగా చదువుతారు, ఇంగ్లీషు అక్షరాలు గుర్తుపడతారు గానీ మాట చదవలేరు అన్నారు. ముందు మినహాయింపుల సంగతి తేల్చేద్దాం. పౌరసత్వం కోసం పెట్టే ఎన్-400 దరఖాస్తు వేసేనాటికి 50 నిండి గ్రీన్ కార్డుతో 20 ఏళ్లు, లేదా 55 నిండి 15 ఏళ్లు ఉన్నవాళ్లకే ఇంగ్లీషు పరీక్ష ఉండదు. ఆవిడకి ఇవి వర్తించవు. ఎన్-648 వైద్య మినహాయింపు జబ్బు వల్లో వైకల్యం వల్లో నేర్చుకోలేనివారికి. చదువుకోలేదనో, వయసు మీదపడిందనో అంటే చెల్లదు. కాబట్టి నేర్చుకోవాల్సిందే. తెలుగు చదవడం వచ్చినవాళ్లకి ఇది అందని పని కాదు.

చదవడానికి మూడు వాక్యాల దాకా ఇస్తారు, ఒక్కటి సరిగ్గా చదివితే చాలు. రాయడమూ అంతే: ఆఫీసరు చెబుతారు, మూడింటిలో ఒక్కటి రాయాలి. ఈ రెండింటికీ ఏ మాటలు వస్తాయో, ఈ పరీక్ష పెట్టే ప్రభుత్వ సంస్థ యుఎస్‌సిఐఎస్ విడివిడిగా జాబితాలు పెట్టింది. ఒక్కోదానిలో వంద మాటలు కూడా ఉండవు. వాటితోనే మొదలుపెట్టండి.

మాటకో కార్డు చెయ్యండి. ఇంగ్లీషు మాట కింద తెలుగు ఉచ్చారణ మాత్రం రాయొద్దు. అందరూ చేసే పొరపాటు ఇదే: తెలుగు కనిపిస్తే కన్ను అక్కడికే పోతుంది, నెల తిరిగినా ఇంగ్లీషు మాట గుర్తుండదు. తెలుగు అర్థం కార్డు వెనక రాయండి. రోజుకు నాలుగైదు కొత్త మాటలు, వాటితోపాటు నిన్నటివి. ఒకేసారి గంటసేపు కూర్చోబెట్టే బదులు ఉదయం ఇరవై నిమిషాలు, సాయంత్రం ఇరవై నిమిషాలు మేలు.

మనకి రాసినట్టే పలకడం అలవాటు. అందుకే 'పీపుల్'లో 'ఓ' అనే అక్షరం ఎందుకుందో, 'రైట్'లో జి-హెచ్ ఎందుకున్నాయో అని ఆగిపోతారు. అలాంటి మాటల్ని కూడబలుక్కోనివ్వకండి, బొమ్మలా మొత్తంగా గుర్తుపట్టమనండి. అన్నిటికన్నా ఇబ్బంది పెట్టే జంట 'హూ', 'హౌ'. ఒకటి డబ్ల్యు-హెచ్-ఓ, ఇంకోటి హెచ్-ఓ-డబ్ల్యు. అవే మూడక్షరాలు! ఈ రెండు కార్డుల్నీ ఒకే రోజు నేర్పకండి, మధ్యలో వారం ఎడం ఉంచండి.

రాతకి నాలుగు గీతల కాపీ పుస్తకం మంచిది. చూసి రాయడంతో సరిపెట్టకండి. మీరు చెప్పాలి, ఆవిడ విని రాయాలి. చిన్న స్పెల్లింగు తప్పుల్నీ, పెద్దక్షరం మరిచిపోవడాన్నీ అర్థం చెడకపోతే పట్టించుకోరు. మాటని కుదించి రాసినా, చెప్పిన మాటకి బదులు వేరే మాట రాసినా తప్పే. పరీక్ష టాబ్లెట్ మీద స్టైలస్‌తో ఉంటుంది, ఆ జారుడు గాజు మీద కాగితానికి అలవాటుపడ్డ చెయ్యి వణుకుతుంది. ఆఖరి రెండు వారాలైనా ఇంట్లో టాబ్లెట్ మీద రాయించండి.

ఇంతా చేసి మనవాళ్లు తడబడేది మాట్లాడటంలో. దానికి వేరే పరీక్ష లేదు. ఎన్-400లోని ప్రశ్నలు ఆఫీసరు అడిగేటప్పుడే చూస్తారు. 'హావ్ యు ఎవర్' అని వరసగా వచ్చేవాటికి 'నో' 'నో' అనడం అలవాటై, చివర్లో రాజ్యాంగాన్ని సమర్థిస్తారా, ప్రమాణం చేస్తారా అన్నప్పుడూ 'నో' అనేస్తారు. అందుకే ప్రశ్నల వరస మార్చి అడగండి. కొన్ని మాటలకి అర్థం చెప్పమనీ అడుగుతారు. 'అరెస్ట్' అంటే 'పోలీస్ టేక్ యు' అన్నంత చిన్న జవాబు సిద్ధంగా ఉండాలి. మనలా తల అటూ ఇటూ ఆడిస్తే అవునో కాదో వాళ్లకి తెలియదు, నోటితో చెప్పించండి. అర్థం కాకపోతే 'ప్లీజ్ రిపీట్' అనడం తప్పు కాదని ముందే ధైర్యం చెప్పండి.

2025 అక్టోబరు 20 నుంచి వేసే దరఖాస్తులకు సివిక్స్‌లో, అంటే అమెరికా ప్రభుత్వం, చరిత్ర గురించి అడిగే భాగంలో, 128 ప్రశ్నలుంటాయి. 20 దాకా అడుగుతారు, 12 చెప్పాలి. ఇది నోటితో చెప్పేదే కాబట్టి వంట చేస్తూ కూడా వింటూ నేర్చుకోవచ్చు. గవర్నరు, సెనేటర్ల పేర్లు మాత్రం ఇంటర్వ్యూ ముందు మళ్లీ సరిచూడండి.

ఏ భాగం పోయినా ఆ ఒక్కదానికే 60 నుంచి 90 రోజుల్లో మళ్లీ పిలుస్తారు. రెండోసారీ పోతే దరఖాస్తు తిరస్కరిస్తారు, మళ్లీ రుసుము కట్టాలి. ఐదేళ్లు నిండగానే వేసెయ్యాలన్న గడువేమీ లేదు. చెప్పిన వాక్యం ఆవిడ ఎవరి సాయం లేకుండా రాయగలిగాకే ఎన్-400 వెయ్యండి.