ఒకే వార్త రెండు పేపర్లలో రెండు రకాలుగా వస్తే నిజం తేల్చుకునేదెట్లా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: కనిగిరి పక్క పల్లె, నాయన ఈనాడు చదువుతారు, చిన్నాయనకు సాక్షి లేనిదే తెల్లారదు. శ్రీశైలం నీళ్లు తెచ్చే వెలిగొండ ప్రాజెక్టు మాటొస్తే చాలు ఇంట్లో రచ్చ. ఒకరు పూర్తయిందంటారు, ఇంకొకరు కాలేదంటారు. ఇద్దరి చేతిలోనూ పేపరుంది, మరి ఎవరిని నమ్మాలి?

వెలిగొండే మంచి ఉదాహరణ. ఇక్కడ అబద్ధం ఆడాల్సిన పని కూడా లేకుండా జనాన్ని రెండు వైపులకూ తోలొచ్చు. 2024 మార్చి 6న అప్పటి ముఖ్యమంత్రి జగన్ జంట సొరంగాలను జాతికి అంకితం చేశారు. ఒక్కోటి దాదాపు 18.8 కిలోమీటర్లు. తవ్వకం అయిపోయిన మాట నిజం. కానీ శ్రీశైలం వరదనీరు కొల్లంవాగు దగ్గర సొరంగంలోకి దిగాలి, ఫీడర్ కాలువ దాటాలి, నల్లమల సాగర్‌లో నిలవాలి, అక్కణ్ణుంచి కాలువలకెక్కాలి. అప్పుడే మీ చేలోకి తడి. ఆ రోజుకు ముంపు గ్రామాల పునరావాసం పూర్తి కాలేదు. మనుషులు ఊళ్లల్లో ఉండగా రిజర్వాయరు నింపలేరు గదా. కాబట్టి ఆ రోజు ‘పూర్తయింది’ అనే మాట సొరంగాల తవ్వకానికి చెల్లింది, ప్రాజెక్టుకు చెల్లలేదు. శీర్షిక చూడగానే మొదట వెతకాల్సింది కర్తను: పూర్తయింది ఏది? సొరంగమా, ప్రాజెక్టా, 4.47 లక్షల ఎకరాల ఆయకట్టా?

రెండోది, లెక్క ఏ సంవత్సరం నుంచి మొదలుపెట్టారనేది. శంకుస్థాపన 1996లో, చంద్రబాబు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు. అక్కణ్ణుంచి రాస్తే ఘనత ఒకరిది, వైఎస్ హయాంలోని జలయజ్ఞం పనుల నుంచి రాస్తే ఇంకొకరిది. 2014 నుంచి మొదలుపెడితే ఆలస్యం ఒకరి ఖాతాలో, 2019 నుంచి మొదలుపెడితే మరొకరి ఖాతాలో పడుతుంది. అంకెలన్నీ సరైనవే అయినా, వదిలేసిన సంవత్సరాలే రాజకీయం చేస్తాయి.

ఇంట్లో చేయదగిన పని ఒకటుంది. ఒకే రోజు రెండు పేపర్ల జిల్లా పేజీలు పక్కపక్కన పెట్టండి. రాష్ట్ర పేజీ వద్దు, అందులో ఉపన్యాసాలే ఎక్కువ. ఒకే సంఘటన మీద వచ్చిన వార్తలో తేదీలు, అంకెలు, ఊళ్లు, పేరుతో మాట్లాడిన మనుషులు, వీటి కిందనే గీత గీయండి. రెండింట్లోనూ కలిసినవి దాదాపుగా నిలబడతాయి. ఒకదాంట్లో మాత్రమే ఉన్నవాటిని అబద్ధమని కొట్టెయ్యకండి, విడిగా రాసుకోండి. అసలు సరుకు తరచుగా అక్కడే ఉంటుంది, ఎదుటి పేపరు కావాలనే వదిలేసినది.

తర్వాత క్రియలు. తమవాడు ‘వెల్లడిస్తాడు’, ‘స్పష్టం చేస్తాడు’. ఎదుటివాడు అదే మాటంటే ‘ఆరోపిస్తాడు’, ‘అక్కసు వెళ్లగక్కుతాడు’. అన్నీ తీసేసి ‘అన్నారు’ పెట్టి చదవండి, వార్త సగానికి సగం చల్లబడుతుంది. ఇక ‘అనుమానాలు వ్యక్తమవుతున్నాయి’, ‘జోరుగా చర్చ సాగుతోంది’, ‘విశ్వసనీయంగా తెలిసింది’ అని ఉంటే, పేరు పెట్టి చెప్పే మనిషి దొరకలేదని అర్థం. ఊళ్లో విలేకరి పంపిన నాలుగు లైన్లకు డెస్కులో ఇలాంటివి రెండు కలిస్తే జిల్లా అనుబంధంలో మొదటి పేజీ వార్త తయారు. విలేకరిని తిట్టుకోకండి. లైన్ అకౌంటు మీద, అంటే అచ్చయిన లైన్ల లెక్కన వచ్చే డబ్బుతో బతుకుతూ, ప్రకటనల టార్గెట్ కూడా మోసే మనిషికి శీర్షిక మీద హక్కు ఉండదు.

సభల ఫొటోలు మరీ అన్యాయం. వేదిక మీదనుంచి జూమ్ లెన్సుతో తీస్తే అయిదొందల మందీ జనసంద్రంలా కనిపిస్తారు. వెనకనుంచి, జనం లేచిపోయేటప్పుడు తీస్తే పెద్ద సభ కూడా వెలవెలబోతుంది. ఖాళీ కుర్చీల ఫొటోలో నాయకుడు వేదిక మీద ఉన్నాడా లేడా చూడండి. లేకపోతే అది సభకు ముందో తర్వాతో తీసినది కావచ్చు.

వాట్సాప్‌లో రెండు బాణాల గుర్తుంటే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం, పంపినవాడు కూడా చదివి ఉండడు. 2020 ఏప్రిల్ నుంచి అలాంటివి ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలరు, అయినా ఆగట్లేదు. వే2న్యూస్ కార్డు వస్తే దాని మీద కోడ్ ఉంటుంది, వాళ్ల ఫ్యాక్ట్‌చెక్ పేజీలో కొట్టండి. అసలు వార్త రాకపోతే కార్డు నకిలీ. పేపరు క్లిప్పింగ్ అయితే ఆ తేదీ ఈ-పేపరు తెరవండి. వీడియో అయితే ఆపి, ఫ్రేమును స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో పెట్టండి. బస్సు నంబరూ దుకాణం బోర్డులూ ఏ రాష్ట్రమో చెప్పేస్తాయి.

మన జిల్లాల్లో మరిచిపోకూడనిది 2021 మేలో కరోనాకని ఇచ్చిన కృష్ణపట్నం ఆనందయ్య మందు. కంట్లో చుక్కలతో నిమిషాల్లో లేచి కూర్చున్నానని ఒక రిటైర్డ్ హెడ్మాస్టర్ చెప్పిన వీడియో ఊరూరా తిరిగింది. ఆ నెలాఖరులో ఆయన చనిపోయారు. మొదటి వీడియో చేరినంత దూరం రెండో కబురు చేరలేదు. మే 31న ప్రభుత్వం ఆయన మందుల్లో కొన్నింటికి అనుమతిచ్చింది, ఆ చుక్కలకు మాత్రం ఇవ్వలేదు.

ఇక చదివేవాళ్ల సంగతి. 1985లో వెలువడిన ఒక అధ్యయనంలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు లెబనాన్ రాజధాని బీరూట్‌లో జరిగిన మారణకాండ మీద వచ్చిన ఒకే టీవీ వార్తలను ఇజ్రాయెల్ వైపు వాళ్లకూ అరబ్బుల వైపు వాళ్లకూ చూపించారు. రెండు వర్గాలూ ‘ఇది మాకు వ్యతిరేకం’ అనే అన్నాయి. మీ నాయనా చిన్నాయనా కూడా అంతే, పేపర్లు మార్చి ఇచ్చినా అదే జరుగుతుంది. దీనికి ‘పచ్చ మీడియా’, ‘నీలి మీడియా’ అనడం మందు కాదు. పత్రిక ఎవరిదో తెలియడం మంచిదే, కానీ స్వార్థం ఉన్నంత మాత్రాన వార్త అబద్ధమైపోదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా పోరాటాన్ని ఈనాడు భుజాన వేసుకుంది. ఆ పత్రిక మొగ్గు ఎటో అందరికీ తెలుసు. అయినా సారా కొంపలు కూల్చిందనేది నిజం. 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధించారు కూడా.

అలాగని ఇద్దరూ చెప్పింది కలిపి సగానికి భాగిస్తే నిజం రాదు. ఒక్కోసారి ఒక వైపే పూర్తిగా కరెక్టు. ‘అందరూ దొంగలే’ అని పేపరు మడిచేసేవాడు తటస్థుడనుకుంటాడు గానీ, అతన్ని మోసగించడమే అన్నిటికంటే తేలిక.

వెలిగొండ గొడవ తేలాలంటే కాగితం తెప్పించుకోండి. సమాచార హక్కు కింద జిల్లా స్థాయి కార్యాలయానికి 10 రూపాయలు, మండలానికి 5, గ్రామ స్థాయిలో ఫీజు లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ‘ప్రాజెక్టు ఎందుకు ఆలస్యమైంది’ అని రాయకండి, అభిప్రాయం అడిగారని తిప్పి పంపుతారు. ‘ఫలానా తేదీ నాటికి ముంపు గ్రామాల వారీగా పరిహారం అందిన కుటుంబాలు ఎన్ని, అందనివి ఎన్ని, ఫీడర్ కాలువలో ఎన్ని కిలోమీటర్ల పని మిగిలింది, పట్టిక నకలు ఇవ్వండి’ అని రాయండి. గడువు దాటితే మొదటి అప్పీలు అదే శాఖలోని పై అధికారికి, 30 రోజుల లోపు. దరఖాస్తు మీద మీ నాయనా చిన్నాయనా ఎవరో ఒకరి చేత సంతకం పెట్టించండి, వచ్చిన పట్టికను కాదనే వీలుండదు.