కుదురుకోని ప్యాడ్లు, వణికే స్టీరింగ్

ప్రశ్న: రెండు నెలల క్రితం 2001 నాటి మాజ్డా ఎమ్‌ఎక్స్-5 సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. బ్రేక్ ప్యాడ్లు అరిగిపోవడంతో నాలుగు చక్రాలకూ నేనే స్వయంగా కొత్తవి వేశాను. డిస్కులు బాగానే కనిపించాయి కాబట్టి మార్చలేదు. మరునాడు తెల్లవారుజామునే బయలుదేరి, హైవే మీద నాలుగు గంటలు నడిపి, టెనెసీ సరిహద్దులోని ‘టెయిల్ ఆఫ్ ది డ్రాగన్’ ఘాట్ రోడ్డుకు వెళ్లాను. దిగేటప్పుడు కాలిన వాసన వచ్చింది. భయమేసి ఒకచోట పక్కకు తీసి, బ్రేకు మీద కాలు ఉంచే కాసేపు ఆగాను. తిరుగు ప్రయాణంలో బ్రేకు వేసినప్పుడల్లా స్టీరింగ్ వణికింది. డిస్కులు వంకరపోయాయి, మార్చాల్సిందే అని గరాజ్‌లో అంటున్నారు. నిజమేనా? ఇంకో సంగతి. ప్యాడ్లను నెట్టే పిస్టన్లు వెనక చక్రాల దగ్గర లోపలికి పోకపోతే సి-క్లాంప్ పెట్టి బలంగా బిగించాను. కొంత కదిలాయి. అప్పటినుంచి హ్యాండ్ బ్రేక్ చాలా పైదాకా లాగాల్సి వస్తోంది.
— ఒక పాఠకురాలు, షార్లెట్, నార్త్ కరోలైనా

జవాబు: అమ్మా, మీరు ఆఖరున రాసిన సంగతితోనే మొదలుపెడతాను. వణుకు కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టింది అదే.

ప్యాడ్లను డిస్కుకు అదిమిపట్టే భాగాన్ని కాలిపర్ అంటారు. ఆ కారులో ముందు కాలిపర్ వేరు, వెనక కాలిపర్ వేరు. వెనకది హ్యాండ్ బ్రేక్ పని కూడా చేస్తుంది కాబట్టి దాని పిస్టన్ వెనక ఒక మర (స్క్రూ) ఉంటుంది. ఆ మర వదులు కానంతవరకు పిస్టన్‌ను ఎంత నొక్కినా వెనక్కి పోదు. మొండిగా నొక్కితే మర దెబ్బతింటుంది. కాలిపర్‌కు లోపలి వైపు, అంటే కారు మధ్యభాగం వైపు, 14 మిల్లీమీటర్ల స్పానర్ పట్టే మూత బోల్టు ఒకటి కనిపిస్తుంది. చాలామంది దాన్ని అసలు పట్టించుకోరు. అది విప్పి, లోపలికి 4 మిల్లీమీటర్ల అలెన్ కీ పెట్టి ఎడమకు తిప్పండి. పిస్టన్ దానంతటదే వెనక్కి వెళుతుంది, వేలితో తిప్పినంత తేలిగ్గా. కొత్త ప్యాడ్లు వేశాక అదే కీని కుడికి తిప్పుతూ ప్యాడ్లు డిస్కును పట్టుకునేదాకా రావాలి. అక్కడి నుంచి చుట్టులో మూడోవంతు వెనక్కి తిప్పి ఆపాలి. చక్రం చేత్తో తిప్పితే తిరగాలి. రెండు వైపులా ఇలా సరిచేస్తే హ్యాండ్ బ్రేక్ ఐదారు క్లిక్కుల్లో పట్టేస్తుంది.

మీ విషయంలో మర పాడయిందో లేదో ఈ పని చేస్తున్నప్పుడే తెలిసిపోతుంది. కీ తిప్పుతుంటే పిస్టన్ సాఫీగా ముందుకు, వెనక్కి కదిలితే పరవాలేదు. పట్టేస్తున్నా, తిప్పినా కదలకపోయినా, పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు తొడుగు చిరిగినా ఆ కాలిపర్ మార్చండి. ఇది తేలేవరకు కారు బయటికి తీయకండి. దయచేసి ఈ ఒక్క మాట వినండి.

ఇక వణుకు. డిస్కు వంకరపోయిందనే మాట నేను విజయవాడ ఆటోనగర్‌లో పనిచేసిన పద్దెనిమిదేళ్లూ విన్నాను, ఇక్కడ న్యూజెర్సీలోనూ వింటున్నాను. ఆ మాటతో వచ్చిన కార్లలో నేను చూసినవాటికి చాలా మటుకు డిస్కు వంకరగా లేదు. దాని మీద పేరుకున్న పొర సమానంగా లేదు.

ప్యాడ్ డిస్కును గీకి మాత్రమే ఆపుతుందని అనుకుంటాం. అది సగమే నిజం. బాగా కుదురుకున్న ప్యాడ్, తనలోని పదార్థాన్ని కంటికి ఆననంత పలుచగా డిస్కు మీద పూస్తుంది. ఆ తర్వాత ప్యాడ్ రాసుకునేది ప్రధానంగా ఆ పొర మీదే. కొత్త ఇనుప పెనం మీద నూనె సమంగా పట్టకముందే అట్టు పోస్తే ఒకచోట అంటుకుంటుంది, ఒకచోట జారుతుంది కదా, డిస్కు మీద పొర కూడా అంతే. ఒకచోట మందంగా, ఇంకోచోట పలుచగా ఉంటే చక్రం తిరిగే ప్రతిసారీ ప్యాడ్ పట్టి వదులుతుంది. మందంలో మిల్లీమీటరులో వందో వంతు, మహా అయితే వందలో రెండు వంతుల తేడా వచ్చినా చేతులకు తెలుస్తుంది.

మీ కారులో జరిగింది ఇది. నాలుగు గంటలు నడిపారు కానీ హైవే మీద బ్రేకు పెద్దగా తొక్కి ఉండరు. అంటే ప్యాడ్లు పచ్చిగానే కొండ చేరాయి. అక్కడ 11 మైళ్లలో 318 మలుపులు. పచ్చి ప్యాడ్ ఒక్కసారిగా కాలితే అందులోని జిగురు ఆవిరై వాసన వస్తుంది. ఆ వేడి మీద మీరు కాలు తీయకుండా ఆగారు. ప్యాడ్ ఉన్నచోటే ఉండి తన అచ్చు డిస్కు మీద వేసేసింది. ముందు చక్రం విప్పి, డిస్కును పగటి వెలుగులో కాస్త ఏటవాలుగా చూడండి. సరిగ్గా ప్యాడ్ ఆకారంలో, అంచులు తేటగా, బూడిద రంగు మరక ఒకటి కనిపిస్తే నా అనుమానం నిజమైనట్టే.

కాబట్టి ఇప్పుడే డిస్కులు కొనకండి. అంచున కనీస మందం చెక్కి ఉంటుంది, ముందు అది కొలిపించండి. మందం చాలినంత ఉంటే డిస్కులు ఊడదీసి, రెండు ముఖాలనూ 120 నంబరు ఉప్పుకాగితంతో అన్ని దిక్కులా రుద్దండి. ప్యాడ్ల ముఖాన్ని కూడా బల్లపరుపుగా ఉన్న చోట కాగితం పరిచి దాని మీద రుద్దండి. పాత ప్యాడ్ల రకం వేరైతే వాటి పొర పోవడానికి ఈ పని మొదటే చేయాల్సింది. డిస్కు కూర్చునే హబ్ మీద తుప్పు పెళ్లలుంటే బ్రష్‌తో గీకేయండి. డిస్కు వెనక ఒక్క పెళ్ల చిక్కినా అది అటూ ఇటూ ఊగుతుంది. చివరికి బ్రేక్ క్లీనర్‌తో కడిగి బిగించండి. నల్లని గట్టి మచ్చలు రుద్దినా పోకపోతే అక్కడ ఇనుమే మారిపోయిందని అర్థం. ఆ డిస్కు మాత్రం మార్చాల్సిందే.

అన్నీ బిగించాక కారు కదిలించక ముందు బ్రేకు పెడల్‌ను గట్టిపడేదాకా తొక్కండి. వెనక్కి నెట్టిన పిస్టన్లు ఇంకా ప్యాడ్లను తాకి ఉండవు, మొదటి తొక్కుకు పెడల్ నేలకు ఆనుతుంది. ఇది మరిచి షెడ్డు గోడను గుద్దిన కార్లను నా కళ్లతో చూశాను. రిజర్వాయర్‌లో బ్రేక్ ఆయిల్ మట్టం కూడా చూడండి, ఒక చుక్క రంగు మీద పడినా పెయింట్ లేచిపోతుంది.

ఇప్పుడు ప్యాడ్లను కుదురుకోనివ్వండి. ముందు వెనకా బండ్లు లేని పొడవాటి రోడ్డు, తెల్లవారుజాము. ముందు నాలుగైదు సార్లు నెమ్మదిగా బ్రేకు వేసి వెచ్చబరచండి. తర్వాత గంటకు 60 మైళ్ల నుంచి 10 మైళ్లకు, గట్టిగా, కానీ ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) పనిచేసేంత గట్టిగా కాకుండా తగ్గించండి. పూర్తిగా ఆగకూడదు. వెంటనే మళ్లీ వేగం అందుకోండి. ఇలా ఎనిమిది, పది సార్లు. మనిషితో కలిపి సుమారు 1,100 కిలోల కారు 60 నుంచి ఒకసారి తగ్గితే పుట్టే వేడి, లీటరు చన్నీళ్లు మరిగించడానికి చాలు. ఐదారు సార్లకు వాసన వస్తుంది, కొద్దిగా పొగ రావచ్చు, పట్టు కాస్త తగ్గినట్టు అనిపిస్తుంది. కంగారు పడకండి. ఆ తర్వాత పది, పదిహేను నిమిషాలు వీలైనంతవరకు బ్రేకు ముట్టకుండా గాలికి నడపండి. ఈ చల్లారే దశలో సిగ్నల్ పడి ఆగాల్సి వచ్చినా, కాలు తీసి హ్యాండ్ బ్రేక్ లాగకుండా కారును గేరులో నిలపండి. మీరు కొన్న ప్యాడ్ల డబ్బాలో కంపెనీ వాళ్ల కాగితం వేరే పద్ధతి చెబితే దాన్నే పాటించండి.

చల్లారిన డిస్కు మీద అంతటా ఒకే రకమైన నీలి బూడిద ఛాయ ఉంటే పని పూర్తయింది.

ప్రశ్న: హైదరాబాద్‌లో నా పోలో జీటీఐకి కొత్త ప్యాడ్లు వేయించాను. కుదురుకోవడానికి ఔటర్ రింగ్ రోడ్డు మీద పని చేయవచ్చా?
— ఒక పాఠకుడు, గచ్చిబౌలి

జవాబు: వద్దు. వంద మీద వచ్చే లారీ ముందు మీరు హఠాత్తుగా పదిహేనుకు తగ్గితే, ప్యాడ్ల సంగతి ఎవరికీ గుర్తుండదు. రోజువారీ వాడకపు ప్యాడ్లకు నెమ్మది పద్ధతి ఉంది. ఆదివారం ఉదయం ఐదింటికి ఖాళీ కాలనీ రోడ్డు చూసుకుని, గంటకు 50 కిలోమీటర్ల నుంచి మామూలు పట్టుతో తగ్గించండి. ముప్ఫై సార్లు, ఒక్కోదానికీ మధ్య ముప్ఫై సెకన్లు నడుపుతూ చల్లారనివ్వండి. ఓపిక కావాలి, అంతే. రేసింగ్ ప్యాడ్లు వేయించి ఉంటే మాత్రం తీయించేయండి. వాటికి వేడెక్కితేనే పట్టు. పొద్దున్నే సందు మలుపులో పిల్లవాడు అడ్డం వస్తే, అవి వేడెక్కేదాకా వాడు ఆగడు.

ప్రశ్న: చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో నాలుగో రౌండుకే పెడల్ మెత్తబడి కిందికి పోయింది. ప్యాడ్లు నాసిరకమా?
— ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: పెడల్ గట్టిగానే ఉండి కారు ఆగకపోతే తప్పు ప్యాడ్లది. పెడల్ మెత్తబడి కిందికి పోతే బ్రేక్ ఆయిల్ మరిగి లోపల ఆవిరి పుట్టిందన్నమాట. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. గాలిలోని తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155 దాకా దిగవచ్చు. సముద్రం ఒడ్డు ఊరిలో రెండేళ్లకు పైగా మార్చని ఆయిల్‌తో ట్రాక్ మీదికి వెళ్లకండి. ముందు కొత్త సీసా విప్పి నాలుగు చక్రాల దగ్గరా పాతది పూర్తిగా వెళ్లేదాకా తీయించండి. సగం వాడి మూత పెట్టిన పాత సీసా వద్దు. ప్యాడ్ల సంగతి ఆ తర్వాత చూద్దాం.